గుండు మీద తెల్లచుక్క

నేను పెట్టిన చుక్క మీద ఎవరో పేడ పూశారు.

ఏదో ఎద్దు దారిన పోతూ వేసిందనుకోవడానికి లేదు. నిలువుగా ఉన్న రాతి మీద, మోకాలెత్తున, అరచేత్తో అద్ది, వేళ్లతో గుండ్రంగా అలికినట్టుంది. ఎద్దుకు అంత చేతిపని రాదు.

కోడేరు దాటి కొంత దూరం పోయాక తారురోడ్డు వదిలి, చెలకల గట్ల మీద నడిస్తే, గుట్ట మొదట్లో నెమరేస్తూ పండుకున్న ఎద్దులాంటి గుండు ఒకటి ఉంటుంది. దానికీ నా తలకూ పోలిక ఉందని మా ఆవిడ అంటుంది, రెండింటి మీదా ఏమీ మొలవదు కాబట్టి. ఆ గుండు పక్కన కెమెరా స్టాండు పెట్టి చూస్తే ముందు ఎర్రటి చెలక, దాని వెనక ఒకదాని భుజం మీదుగా ఒకటి తొంగిచూసే రాళ్లగుట్టలు, వాన కడిగిన పొద్దున్నయితే ఆ చివర నల్లమల నీలిగీత. ఎండాకాలం తీసిన చోటునుంచే వానాకాలంలోనూ తీయాలని నా ఆశ. జానెడు పక్కకు జరిగినా ముందు గుట్ట వెనక గుట్టను మింగేస్తుంది. అందుకే గుండు మీద తెల్ల ఎనామిల్‌తో రూపాయి బిళ్లంత చుక్క పెట్టుకున్నాను. స్టాండు ముందుకాలు దానికి ఆనించానంటే చాలు, గుట్టలన్నీ ఎక్కడివక్కడ సర్దుకుంటాయి. ఈ వయసులో చుక్క వేసుకునే వాళ్లుంటారు గానీ నాలాగా చుక్క పెట్టుకునే వాళ్లు అరుదు.

పేడ చూడగానే నాకు కలిగిన మొదటి అనుమానం: ఎవడో నా కోణం మీద కన్నేశాడు.

వనపర్తిలో పెళ్లి ఫోటోగ్రాఫర్లకు ఈమధ్య గుట్టల పిచ్చి పట్టింది. పెళ్లికి ముందే జంటలను బండలెక్కించి, గాలికి చీరకొంగు ఎగరేయించి ఫోటోలు తీస్తున్నారు. వాళ్లలో ఒకడు నా చోటు కనిపెట్టి, నాకు దొరక్కుండా చేయడానికి చుక్కను కప్పేశాడని తీర్మానించుకున్నాను. కోపంతో పాటు కాస్త గర్వం కూడా కలిగింది. దొంగిలించదగ్గ కోణం నాకూ ఒకటుందన్నమాట.

నా చేతికి కెమెరా ఎలా వచ్చిందో ఇక్కడే చెప్పేస్తాను. నేను పెయింటర్‌ని. కొత్తకోటలో హైవే మీది ధాబాలకు బోర్డులు రాశాను, మెకానిక్ షాపుల మీద స్పానర్లు గీశాను, లారీల వెనక దిష్టికళ్లు పెట్టాను. అన్నిటికన్నా ఇష్టంగా చేసింది ఫోటో స్టూడియోల తెరలు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఎంతమంది నేను గీసిన జలపాతం ముందు నిలబడి ఫోటో దిగారో! ఆ జలపాతాన్ని నేనెప్పుడూ చూడలేదు. మంచుకొండనూ చూడలేదు. క్యాలెండర్లో చూసి గీసేవాణ్ణి. ఆ తర్వాత ఫ్లెక్సీ వచ్చింది, మా కుంచె కుంచించుకుపోయింది. స్టూడియోల్లో తెరలు చుట్టి మూలన పెట్టారు.

అలాంటి రోజుల్లో నల్లమల లోపల ఒక చెక్‌పోస్టు దగ్గర బోర్డు రాసే పని దొరికింది. వాహనం దిగరాదు, జంతువులకు ఆహారం పెట్టరాదు. అక్షరాలు ఆరుతుండగా అక్కడి వాచర్ నన్ను బండల అంచుదాకా తీసుకుపోయాడు. కింద లోయ. లోయ అడుగున కృష్ణ, ఎవరో మరిచిపోయిన తాడులా పడి ఉంది. తెరల మీద నేను గీసిన అడవుల్లో ఆకుపచ్చ ఒక్క డబ్బాలోంచి వచ్చేది. ఇక్కడ రంగుల దుకాణం మొత్తం ఒలికినట్టుంది. చప్పుడు లేదు, మనిషి లేడు. అంత అందం ఊరికే ఉండదని అనుమానమొచ్చి, ఎవరైనా తెర కట్టారేమోనని ముందుకు వంగి చూశాను.

వాచర్ నా చొక్కా పట్టుకున్నాడు. "ఏందన్నా, దుంకుతవా ఏంది? ఇంట్ల ఏమన్న పరేషానా?"

"లేదు, చూస్తున్న."

"సూస్తే గిట్ల వంగుతరా? మొన్నొకాయన గూడ సూస్తున్న అనే అన్నడు."

ఆ మొన్నొకాయన ఏమయ్యాడో అడగలేదు. కానీ తిరిగొచ్చాక నాకు బోర్డు రాయబుద్ధి కాలేదు. తెరలు కొన్న స్టూడియో ఆయన దగ్గరే వాడిన కెమెరా ఒకటి కొనుక్కున్నాను. అడవిలోకి ఊరికే పోనివ్వరు కాబట్టి, అడవి కనిపించే గుట్టలు వెతుక్కున్నాను. రంగులు వదిలి రంగం మార్చాను.

ఇంట్లో అనుమానం అప్పుడే మొదలైంది. తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే మా ఆవిడ మంచం మీదినుంచే అడిగేది. "గుట్టలకాడ ఎవరున్నరు?"

"ఎవ్వరూ లేరు. అందుకే పోతున్న."

"ఎవ్వరు లేనికాడికి గింత తయారై పోతరా?"

తీసినవన్నీ చూపించాను. ఓపిగ్గా ఒక్కొక్కటే చూసింది. రాళ్లు, మబ్బులు, చెలకలు. చివరికి కెమెరా నా చేతికిస్తూ, "నిజంగనే ఎవ్వరు లేరు," అంది. మళ్లీ తనే, "ఉన్నోళ్లను తీసేసినవా?" అంది.

నవ్వేశాను. ఆ ప్రశ్న నిజానికి ఎంత సూటిదో అప్పుడు తోచలేదు.

సరే, పేడ సంగతి. నీళ్ల సీసాతో కడిగి, సంచిలో ఎప్పుడూ ఉండే ఎనామిల్ డబ్బా తీసి చుక్కను అరచేయంత చేశాను. మళ్లీ పోయేసరికి అరచేయంత చుక్క మీద పళ్లెమంత పేడ. పైగా ముందు కంప కొట్టి వేశారు. నాకు పంతం పెరిగింది. కంప లాగేసి, మళ్లీ కడిగి, ఇంకాస్త పెద్ద చుక్క పెట్టి, బోర్డులు రాసిన అలవాటు కొద్దీ దాని కింద ఒక బాణం వేశాను. పక్కన 3 అని అంకె కూడా వేశాను, నా చోట్లలో అది మూడోది కాబట్టి. అంకె కుదిరిన తీరు చూసి నేనే మురిసిపోయాను. ఎవడొస్తాడో రానీ అనుకున్నాను.

మృగశిర రాగానే మిరుగం వానలు పడ్డాయి. ఆకాశం బాగుంటుందని బస్సెక్కి పోయాను. దారి పొడుగునా చెలకల్లో విత్తే గొర్రులు తిరుగుతున్నాయి, ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. రోడ్డు మీది ఊళ్లో చాయ్ తాగుదామని హోటల్లోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. బెంచీ మీదివాళ్లు లేచి జాగా ఇచ్చారు. హోటలాయన గ్లాసును మళ్లీ కడిగి చాయ్ పోశాడు. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీతాన ఏం దీసుకుంట సార్? తాగుండ్రి."

చివరికి ఈ నేల మీద కళకు గుర్తింపు దొరికిందనుకున్నాను. ఊరికే ఇచ్చిన చాయ్ ఎప్పుడైనా అనుమానించదగ్గదే. అనుమానించడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి, ఆ పూట మాత్రం హాయిగా తాగేశాను.

గ్లాసు కిందపెడుతూ అన్నాను: "అందరూ విత్తుతున్నారు. ఆ గుండు ముందరి చెలక మాత్రం అట్లే ఉంది, ఎందుకు?"

బెంచీ మీదివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హోటలాయన గిన్నెలోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు: "అది మిమ్ములనే అడగాలె సార్."

"నన్నా?"

"మాకేం తెల్వదు సార్. మాకు చాయ్ బొయ్యుడొక్కటే తెల్సు."

బయటికొచ్చి నడుస్తుంటే నా వెనక హోటలంతా గుసగుసలాడటం వీపుకు తెలుస్తోంది.

గుండు దగ్గర ఒకామె కూర్చుని ఉంది. నాకన్నా పెద్దది, ఎండకు ఎండి గట్టిపడిన మనిషి. నా అంకెకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, పక్కన తట్టలో పేడ పెట్టుకుని ఉంది. దొంగ పట్టుబడింది! పెళ్లి ఫోటోగ్రాఫర్ కాడని కాస్త నిరాశ కూడా కలిగింది.

"పేడ పూసేది నువ్వేనా?" అన్నాను.

"రంగు పూసేది నువ్వేనా?" అంది లేవకుండానే. "నమస్తే సారూ. కూసోండ్రి. నా చెల్కల కూసునేటందుకు మీకు ఎవల పర్మిషన్ గావాలె?"

"నేను సారును కాదమ్మా."

"అందరు గట్లనే అంటరు. పోయినసారి వచ్చినాయన గూడ గట్లనే అన్నడు. మజ్జిగ దాగిండు, కల్లు దాగిండు, నేను సారును గాదవ్వా, ఊకె సూస్తున్న అన్నడు. గిదే మూడుకాళ్ల మిషిని. గిట్లనే తెల్లసుక్క, బాణం, అంకె. ఆయెనక కాలువొచ్చె. నా కింది చెల్క కాలువల వాయె." చేత్తో అటువైపు చూపించింది. దూరంగా మట్టికట్ట, దాని మీద తుమ్మచెట్లు. "మిగిలింది గిదొక్కటే. గిది గూడ గావాలెనా?"

అప్పుడు ఆమె వీపు వెనకనుంచి తొంగిచూస్తున్న నా 3 వైపు చూశాను. సైన్‌బోర్డుకు తగ్గట్టు నీడ కూడా దిద్దాను దానికి. అంత అందమైన సర్వే గుర్తు ఏ సర్వేయరూ వేసి ఉండడు.

"నువ్వు పెడ్తవు, నేను అలుకుత. అలికిందాన్ని కడిగి మల్ల పెద్దగ పెడ్తవు. గంత పంతమేంది సారూ గీ జానెడు చెల్క మీద?"

"అందుకే విత్తలేదా?"

ఆమె నావైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఇంట్ల జొన్నలున్నయి, కందులున్నయి. గొర్రు ఉన్నది. ఎడ్లకు మాట్లాడిన. చెయ్యి రాలే. కింది చెల్క కంకి పాలు పోసుకున్నంక తవ్విరి. ఆ కంకులు మిషిని కింద పడుడు జూసినంక ఎట్లొస్తది చెయ్యి? ఇత్తమంటే భయం, ఇత్తకుంటే పదును ఆరిపోతది. గీ పదును పోతే ఈ ఏడు పాయె."

తడిసిన చెలక ఎర్రగా, మెత్తగా ఎదురుచూస్తోంది. పొద్దు ఎక్కేకొద్దీ అంచులు రంగు తేలుతున్నాయి. అది చూడటం నాకు చేతనవును. ఆ తేలిన రంగుకు అర్థం పదును ఆరడం అని మాత్రం అప్పుడే తెలిసింది.

"నేను ఫోటోలు తీస్తానమ్మా, అంతే," అని కెమెరా తెర వెలిగించి ఆమె ముందు పెట్టాను. ఎండాకాలపు చెలక, మంచులో చెలక, మబ్బు నీడ కింద చెలక. ఆమె ఒక్కోటీ చూసి, మళ్లీ మొదటికి తీసుకుపొమ్మంది.

"మా చెల్కే."

"అవును."

"ఎవ్వరు లేరేంది?"

"ఎవరూ లేనప్పుడే తీస్తాను. అప్పుడే అందం."

"నేను రోజూ ఈడ్నే ఉంట గద?"

నాకు గుర్తుంది. దుక్కి దున్నే కాలంలో ఒక పొద్దున నా చట్రంలో ఎర్రచీర ఒకటి అటూ ఇటూ తిరుగుతుంటే, అది పక్కకు పోయేదాకా గుండు చాటున కూర్చుని ఎదురుచూశాను. పోగానే తీశాను. నా మంచి ఫోటోల్లో అదొకటి.

"మనుషుల్లేని భూమి ఫోటో ఎవలకు గావాలె?" ఆమె కెమెరా నాకిచ్చేసింది. "ఆపీసులకే గావాలె. బీడున్నది అని రాస్తరు. ఎవ్వడు చేస్తలేడు అని రాస్తరు. ఫోటో గూడ అంటిస్తరు."

  ఫోన్లో పెట్టిన ఫోటోలు గుర్తొచ్చాయి. ఎవరెవరో బొటనవేళ్లు పైకెత్తారు. ఆ వేళ్ల వెనక ఎవరున్నారో నాకేం తెలుసు?

"తుడిచేస్తా," అన్నాను.

సంచిలో టర్పెంటైన్ ఉంది, గుడ్డ ఉంది. బోర్డులు రాసి, లారీలకు కళ్లు పెట్టి బతికిన పెయింటర్‌నని ఆమెకు చెప్పుకుంటూ కూర్చుని రుద్దాను. ఇరవై ఏళ్లు ఒకే మాట చెప్పి బోర్డులమ్మాను, వానకు పోదు, ఎండకు పోదు అని. ఆ మాట నిజమని తేలడానికి ఇదే దొరికింది. పోలేదు సరికదా, రాతి గరుకులోకి పాకింది. బాణం కరిగింది, అంకె కరిగింది, చుక్క కాస్తా చంద్రుడైంది. చాటంత తెల్లమచ్చ ఎండలో తళతళలాడుతూ రోడ్డుదాకా కనిపించేలా నిలబడింది.

ఆమె మొదటిసారి నవ్వింది. "మంచిగ జేసినవ్ సారూ. ఇంగ ఎమ్మార్వోకు రోడ్డు మీది నుంచే కనబడ్తది, దిగే పని గూడ లేదు."

నేను గుడ్డ పట్టుకుని నిలబడిపోయాను. ఆమె మచ్చను చూసింది, నన్ను చూసింది.

"పెయింటర్ పని జేసినంటివి గద. కండ్లు పెట్టస్తదా?"

"ఎవరికి?"

"మైసమ్మకు."

మా వైపు గ్రామదేవత మైసమ్మ పేరున రాయికి సున్నం, ఎర్రమట్టి జాజు పూసి పసుపు కుంకుమ పెట్టారంటే దాన్ని ఎవరూ ముట్టరు. తిన్నగా పోయే రోడ్లు అలాంటి రాళ్ల దగ్గర మర్యాదగా ఒళ్లు వంచుకుని పక్కకు తిరగడం నేనే చూశాను. అయినా చెప్పవలసింది చెప్పాను. "మా ఇంట్లో చర్చికి పోతం."

"నిన్ను మొక్కమన్ననా? కండ్లు వెట్టమన్న. లారీలకు పెట్టలేదా?" గొంతు తగ్గించింది. "నువ్వే పెట్టాలె. సర్వేకొచ్చినోడు కండ్లు వెడితే ఆ కండ్లే వాణ్ణి జూసుకుంటయి. నువ్వు నిజం జెప్తుంటే నీకేం భయం?"

ఆమె ఇంటికి పోయి పసుపు, కుంకుమ, జాజు, కొబ్బరికాయ తెచ్చింది. తెల్లమచ్చ చుట్టూ ఆమె జాజుతో అంచు దిద్దింది. పసుపు మెత్తింది. నేను సంచిలోంచి నల్లరంగు తీసి, వదిలేశాననుకున్న కుంచె పట్టుకున్నాను. నేను సర్వేకు రాలేదు, అబద్ధం చెప్పలేదు. అయినా కుంచెను రెండుసార్లు తుడుచుకున్నాను. ఎడమ కన్ను దిద్దుతుంటే అనుమానం తొలిచింది: నేను ఎవరి పనీ చేయడం లేదని నాకు తెలుసు గానీ, నా ఫోటో ఎవరి పనికొస్తుందో నాకు తెలుసా? ఆమె కళ్లను చూడటం లేదు. నా చేతినే చూస్తోంది.

కుడి కన్ను పూర్తయింది. పెద్ద కళ్లు, లారీల మీదివాటి కన్నా శ్రద్ధగా పెట్టాను. ఆమె కాయ కొట్టి నావైపు తిరిగి ఆగింది.

"కండ్లు తిరుగుతలేవా?"

"లేదు."

"కడుపుల తిప్పుతలేదా?"

"హోటల్లో తాగిన చాయ్‌కి కాస్త తిప్పుతోంది."

"అది అందరికి తిప్పుతది." ఇంకాసేపు చూసింది. నాకేమీ కాకపోవడం ఆమెకు పూర్తిగా నచ్చినట్టు లేదు. "సరే. పొద్దుగాల ఇత్తుత. అమ్మ కూసున్నంక గడ్డపార ఎత్తేటోడు జర సోంచాయిస్తడు. నువ్వు గూడ రావాలె, తమ్మీ. ఫోటో దియ్యాలె. నేనున్న ఫోటో."

సారు పోయి తమ్మి వచ్చింది. అది నమ్మకమో, దగ్గర పెట్టుకుంటే కనిపెట్టుకుని ఉండొచ్చనే తెలివో ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాడు పోయేసరికి ఎడ్లు గొర్రు లాగుతున్నాయి. ఆమె వెనక నడుస్తూ పిడికిట్లోంచి జొన్నలు జారవిడుస్తోంది. నా చోట స్టాండు పెట్టబోతే చెలక నడుమ నుంచే కేకేసింది. "అమ్మకు అడ్డం పెడ్తవా? జరుగు!"

జరిగాను. ముందు గుట్ట వెనక గుట్టను మింగింది, నల్లమల గీత మాయమైంది. ఎంతో కష్టపడి కనిపెట్టిన కోణంలో ఇప్పుడు మైసమ్మ కూర్చుని, నేను తీయాలనుకున్న దృశ్యాన్ని రెప్పవేయకుండా చూస్తోంది. నేను మిగిలిన దాన్ని తీశాను. చాలు తిరిగిన ప్రతిసారీ ఆమె ఆగి, మూడుకాళ్లు ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసి మళ్లీ నడిచేది.

జొన్న మొలకెత్తాక ఫోటో కడిగించి చెలక దగ్గరికే తీసుకుపోయి ఇచ్చాను. పెద్ద సైజు, మంచి కాగితం. తడిసిన ఎరుపు మీద ఆమె, ఎడ్లు, వెనక మబ్బు. నా జన్మలో మొదటిసారి మనిషిని పెట్టి తీసిన దృశ్యం. మెచ్చుకుంటుందని నిలబడ్డాను.

ఆమె కాగితం అంచుల మీద వేలు పోనిచ్చింది. ఒక మూల. రెండో మూల. మూడో మూల దగ్గర వేలు ఆగింది.

"గీడ మా రేగుచెట్టుండాలె. గీ మూల ఏది?"

"చట్రంలో పట్టలేదక్కా. అందంగా ఉంటుందని..."

"పట్టలేదా, నువ్వు పట్టియ్యలేదా?" కళ్లు చిన్నవయ్యాయి. "ఎవలన్న జెప్పిండ్రా నీకు, గా మూల ఇడిసిపెట్టమని?"

ప్రమాణం చేసినా లాభం లేదని మొహం చూస్తే తెలిసింది. కెమెరా తీసుకుని గుట్టెక్కాను. చెలక నాలుగు మూలలూ, రేగుచెట్టూ, గట్లూ అన్నీ పట్టేదాకా ఎక్కుతూ పోయాను. అక్కడినుంచి ఏ పోటీకీ పనికిరాని ఫోటో ఒకటి తీశాను. అందులో నీలిగీత లేదు, మబ్బు లేదు, లోతు లేదు. మొలకెత్తిన జొన్న ఉంది, గుండు ఉంది. నడిమధ్యన చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, పైకి నావైపే చూస్తున్న ఆమె ఉంది.